పిల్లవాడి ఐడీ పోతే ఎక్కడ చెప్పుకోవాలి? ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో వచ్చిన చట్టం గురించి మీకు మేం చెప్పనక్కర్లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటలను ఆపారు, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చారు. మంచిదే. మా గోడు వేరు. మామూలు ఆట ఆడుకునే పిల్లల ఐడీలను, అంటే ఆట ఖాతాలను, ఒక్క మెయిల్ పంపి కాజేస్తున్నారు. అది పట్టించుకునే చోటు మాకు కనబడడం లేదు. ఈ విషయమై పంపిన వినతులకు నమోదు సంఖ్యలు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది.

'ఆటే కదా పోయింది' అనే మాట ఈ మధ్య చాలాసార్లు విన్నాం. దయచేసి మీరైనా ఆ మాట అనకండి. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే పిల్లల్లో ఎక్కువమంది గూగుల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో లోపలికి వెళ్తారు. ఆటకంటూ విడిగా పాస్‌వర్డ్ ఉండదు. ఫోను నాన్నది, అందులోని జీమెయిలూ నాన్నదే. అంటే ఆ మెయిల్‌లోని లింకు తెరిచే దొంగ పేజీలో పిల్లవాడు కొట్టేది నాన్న మెయిల్ పాస్‌వర్డ్. దానివెంట ఫొటోలు పోతాయి, ఫోన్ నంబర్లు పోతాయి, క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. ఎప్పుడో మెయిల్‌కు పంపుకున్న ఆధార్ పీడీఎఫ్ కూడా అక్కడే ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అది తెరుచుకుంటుంది. మెయిల్ మొత్తం చేతిలో ఉన్నవాడికి ఆ రెండూ తెలియడం ఎంతసేపు?

ఆ మెయిళ్లు ఎలా ఉంటాయో మీ శాఖ ప్రచార చిత్రాల్లో కనిపించదు. 'తెలియని లింకు నొక్కవద్దు' అని వేస్తున్నారు. పిల్లవాడికి అది తెలియని లింకులా అనిపిస్తే కదా! 'మీ ఐడీ మీద చీటింగ్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో ధ్రువీకరించకపోతే శాశ్వతంగా బ్యాన్' అని వస్తుంది. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు, కొనుక్కున్న స్కిన్లు (ఆటలోని వేషాలు, అలంకారాలు) పోతాయంటే పదమూడేళ్ల వాడు ఆగుతాడా? లేదంటే యూసీ, డైమండ్లు (ఆటలో డబ్బులా వాడేవి) ఉచితం అని వస్తుంది. ఫోన్‌లో జీమెయిల్ పంపినవాడి పేరునే పైకి చూపిస్తుంది. పేరు కింద నొక్కి చూస్తే తప్ప అసలు చిరునామా కనబడదు. మెయిల్ ఏ సర్వర్ నుంచి వచ్చిందో, పంపిన చిరునామా నిజమైనదేనా అని చూసే పరీక్షల్లో నెగ్గిందో లేదో చూపించే 'షో ఒరిజినల్' కంప్యూటర్లో ఉంది, ఫోన్ యాప్‌లో లేదు. మన పిల్లల్లో ఎంతమందికి కంప్యూటర్ ఉందో మీకు తెలుసు.

చిరునామా చూసినా సరిపోదు. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనబడుతుంది. చిన్న ఎల్, పెద్ద ఐ ఫోన్ తెర మీద ఒకేలా ఉంటాయి. అలాంటి పేరుతో కొన్న డొమైన్‌కు (చిరునామాలో @ తర్వాత వచ్చే పేరుకు) ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మెయిల్ పరీక్షల ఏర్పాట్లన్నీ సక్రమంగా పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ మెయిల్ పరీక్షలన్నీ నెగ్గి నేరుగా ఇన్‌బాక్స్‌లో కూర్చుంటుంది. ఆ పరీక్షలు చెప్పేది మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచి వచ్చిందనే. ఆ డొమైన్ దొంగదో కాదో చెప్పవు.

లింకు నొక్కాక గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకున్నట్టు ఉంటుంది. పైన చిరునామా పట్టీలో సరైన పేరే కనబడుతుంది, ఎందుకంటే ఆ పట్టీ కూడా పేజీలో గీసిన బొమ్మే. కంప్యూటర్లో ఆ కిటికీని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి చూస్తే గుట్టు తెలుస్తుంది. నిజమైనది బయటికొస్తుంది, గీసిన బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఆ పరీక్షకు వీల్లేదు. అక్కడ మిగిలేది ఒక్క గుర్తు: పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ ఎప్పుడూ తానే నింపే పాస్‌వర్డ్‌ను ఈసారి నింపలేదంటే డొమైన్ వేరని అర్థం. చేత్తో కొట్టకుండా అక్కడితో ఆగాలి.

ఓటీపీ పెట్టుకుంటే చాలని అంటున్నారు. పెట్టుకోవాల్సిందే, కానీ చాలదు. దొంగ పేజీ పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ కూడా అడుగుతుంది. పిల్లవాడు కొట్టగానే అవతల యంత్రం దాన్ని అసలు సైటులో కొట్టేస్తుంది. అథెంటికేటర్ యాప్ చూపించే కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, వాళ్లకు ఐదు సెకన్లు చాలు. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తో లోపలికి వెళ్లే పద్ధతి) అయితే అసలు డొమైన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి నకిలీ పేజీలో పనిచేయదు. గూగుల్ ఖాతాకు పాస్‌కీ పెట్టుకోవడం రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. పెట్టాక కూడా పాస్‌వర్డ్ దారి తెరిచే ఉంటుంది గనుక, పాస్‌వర్డ్ అడిగిన ప్రతి పేజీనీ అనుమానించమని చెప్పాలి. ఈ మాట తెలుగులో ఒక్క ప్రభుత్వ పోస్టర్ మీదైనా చూడాలని మా కోరిక.

ఇక అసలు బాధ. పాస్‌వర్డ్ చేజిక్కిన వెంటనే దొంగ చేసే పనులకు ఒక వరుస ఉంటుంది. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మారుస్తాడు. తన అథెంటికేటర్ పెడతాడు. మిగతా ఫోన్లన్నిట్నీ లాగౌట్ చేస్తాడు. జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, గూగుల్ నుంచీ ఆట కంపెనీ నుంచీ వచ్చే హెచ్చరికలు తిన్నగా చెత్తబుట్టలో పడేలా చేస్తాడు. అందుకే ఖాతా తిరిగొచ్చినా కొందరికి మళ్లీ పోతోంది. పాస్‌వర్డ్ మార్చారు గానీ సెట్టింగుల్లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రికవరీ నంబరు మారిపోయినా, పాత నంబరుకు కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఏడు రోజుల వరకు ఇవ్వవచ్చు. అది కూడా ఎప్పుడూ వాడే ఫోను నుంచి, ఎప్పుడూ ఉండే చోటి నుంచి ప్రయత్నిస్తే ఫలితం ఎక్కువ. అయ్యా, మేం మొత్తుకుంటున్నది ఈ ఏడు రోజుల గురించే. ఆ ఏడు రోజులూ తండ్రి ఎక్కడ తిరుగుతున్నాడో ఒక్కసారి చూడండి.

మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. ఎంత పోయింది, ఏ బ్యాంకు, 12 అంకెల యూటీఆర్ (చెల్లింపు లావాదేవీ నంబరు) ఎంత అని అడుగుతారు. వాళ్ల తప్పు కాదు, డబ్బును దారిలో ఆపడానికి కట్టిన వ్యవస్థ అది, ఆ పనికి చాలా అవసరం. కానీ ఇక్కడ యూటీఆర్ లేదు. సైబర్ నేరాల పోర్టల్‌లో ఇతర నేరాల కింద రాయమంటారు. రాస్తే అది స్టేషన్‌కు వెళ్లి వరుసలో పడుతుంది. స్టేషన్‌కు వెళ్తే పిల్లాడికి ఫోన్ ఎందుకిచ్చావని తండ్రినే నిలదీస్తారు. ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లకు మూడేళ్ల వరకు జైలు ఉందని తండ్రికి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. ఆట కంపెనీకి రాద్దామంటే ఇంగ్లిష్ ఫారం. ప్లేయర్ ఐడీ అంకెలు, ఖాతా తెరిచిన తేదీ, మొదట వాడిన ఫోను, కొనుగోలు రసీదు అడుగుతారు. గూగుల్ ప్లే రసీదు జీపీఏతో మొదలయ్యే నంబరుతో మెయిల్‌కే వస్తుంది. ఆ మెయిలే కదా పోయింది! ఈలోగా ఏడు రోజులు గడిచిపోతాయి.

2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో, తనకు ఆరు గంటల్లో తెలియజేయాల్సిన ఘటనల జాబితా ఉంది. ఫిషింగ్ (నకిలీ మెయిల్, పేజీలతో పాస్‌వర్డ్ కాజేయడం) ఉంది, సోషల్ మీడియా ఖాతాల్లోకి చొరబాటు ఉంది. ఆటల ఖాతా అన్న మాట లేదు. ఒక్క పంక్తి చేర్చడానికి ఇంత ఆలస్యమా?

చేయలేని పనులు మేం అడగడం లేదు. ఎస్సెమ్మెస్‌లో వచ్చే లింకులను ముందే నమోదు చేయాలని 2024 అక్టోబరు నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టడి పెట్టింది. బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. మరి కోట్లమంది పిల్లలు ఆడే ఆటల కంపెనీలకు ఒకే డొమైన్ నుంచి మెయిల్ పంపాలని, దాని పేరుతో వచ్చే నకిలీలను తిరస్కరించేలా డీమార్క్ పెట్టాలని ఎందుకు చెప్పరు? అచ్చుపోలికల డొమైన్లను ఇది ఆపదు, నిజమే. కనీసం 'ఈ ఒక్క పేరు తప్ప ఏదీ నమ్మకు' అని పిల్లవాడికి చెప్పే వీలుంటుంది.

ఆటలో బహుమతి తెచ్చిపెట్టే రిడీమ్ కోడ్ల సంగతీ అంతే. బీజీఎంఐ రిడీమ్ పేజీలో క్యారెక్టర్ ఐడీ, కోడ్ కొడితే చాలు, బహుమతి ఆటలోని మెయిల్‌కు వస్తుంది. పాస్‌వర్డ్ అడగదు కాబట్టి దొంగిలించడానికేమీ లేదు. ఫ్రీ ఫైర్ పేజీలో ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ కావాలి. బహుమతి కోసం వెబ్ పేజీలో లాగిన్ కావడం పిల్లలకు అక్కడే అలవాటవుతోంది. ఆ అలవాటు మీదే దొంగ పేజీలు బతుకుతున్నాయి. మొదటి పద్ధతినే అందరికీ తప్పనిసరి చేయండి.

ఖాతాకున్న మెయిల్ మారితే కొన్ని రోజులు వస్తువులేవీ చేతులు మారకుండా ఆపమని కంపెనీలకు చెప్పండి. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో మొబైల్ అథెంటికేటర్ లేని ఖాతా నుంచి ఇచ్చే వస్తువులను 15 రోజుల వరకు ఆపుతారు, కాబట్టి ఇది సాధ్యమే. రెండంచెల లాగిన్ పెట్టుకున్నవారికి ఫోర్ట్‌నైట్ అనే ఆటలో ఒక డ్యాన్స్ బహుమతిగా ఇచ్చారు. పిల్లలు దాని కోసమైనా పెట్టుకున్నారు. భయపెట్టే పోస్టర్ల కన్నా ఇది నయం.

అన్నిటికన్నా ముందు 1930లో డబ్బు పోని ఖాతా చోరీకి ఒక మీట పెట్టండి. ఆ మీట నొక్కినవాళ్లకు తెలుగులో చెప్పే మనిషి ఒకరు కావాలి: 'పాత ఫోను తీయండి, రికవరీ పేజీ తెరవండి, పాత నంబరు ఎంచుకోండి, లోపలికి రాగానే అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి, ఫిల్టర్లు చూడండి.' పది నిమిషాల ఫోన్. అది ఏడు రోజుల లోపు జరగాలి.

ఈసారి నమోదు సంఖ్య కాక జవాబు పంపుతారని ఎదురుచూస్తూ,

ఇట్లు,
పోయిన ఐడీల కోసం తిరుగుతున్న తల్లిదండ్రుల తరఫున