మూడు చక్రాల బండికి వాలు పరీక్ష పెట్టాలి

సంపాదకుడికి,

వింత కార్ల మీద మీరు వేసిన బొమ్మల పేజీ సరదాగానే ఉంది. కానీ మూడు చక్రాల బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టి, మలుపు తిప్పితే బోల్తా పడతాయని రాసేశారు. ఆ మాట సగమే నిజం. చిన్న ఎలక్ట్రిక్ బండ్ల రూపంలో మూడు చక్రాలు మళ్లీ రోడ్డెక్కుతున్నాయి కాబట్టి మిగతా సగం కూడా జనానికి తెలియాలి, నిబంధనలు రాసేవాళ్లకు ఇంకా బాగా తెలియాలి.

మూడు చక్రాలు అమర్చే తీరు రెండు రకాలు. ముందు ఒకటి, వెనక రెండు: బ్రిటన్‌లో తయారైన రిలయంట్ రాబిన్, బాండ్ బగ్ ఈ తీరువి. ముందు రెండు, వెనక ఒకటి: మోర్గాన్, మెసర్‌ష్మిట్, బుల్లి పీల్ పీ50 ఈ తీరువి. చూడ్డానికి బండిని వెనక్కి తిప్పి పెట్టినట్టే ఉంటుంది గానీ, మలుపులో బ్రేకు తొక్కగానే రెండింటి దారులూ వేరు.

లెక్క వేసి చూద్దాం. జంట చక్రాల మధ్య 120 సెంటీమీటర్లు, ముందు వెనక ఇరుసుల మధ్య 200, గరిమనాభి (బండి బరువంతా ఒకచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు) నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. ఇవే కొలతలతో నాలుగు చక్రాలుంటే, బండి బరువుకు 1.2 రెట్ల బలం పక్కకు లాగితే తప్ప లోపలి చక్రాలు లేవవు. పొడి రోడ్డు మీద మామూలు టైరు పట్టు సుమారు 0.8 రెట్లు. అంటే బోల్తా పడేలోపే టైర్లు జారిపోతాయి, అది కొంత నయం. మూడు చక్రాల బండి అలా కాదు. అది తిరగబడే గీత ఒంటి చక్రం నుంచి జంటలో ఒకదానికి ఏటవాలుగా పోతుంది. బరువులో మూడింట రెండు వంతులు జంట మీద ఉంటే, చక్రం లేచే హద్దు 1.2 నుంచి 0.8కి దిగుతుంది. సగమే ఉంటే 0.6. అప్పుడు టైరు జారకముందే చక్రం గాల్లోకి లేస్తుంది.

ఇక బ్రేకు. మలుపులో బండి బరువుకు 0.4 రెట్ల బలంతో బ్రేకు వేస్తే, ఈ కొలతల్లో బరువు 20 సెంటీమీటర్లు ముందుకు జరిగినట్టే. ముందు ఒంటి చక్రం ఉన్న బండికి హద్దు 0.8 నుంచి 0.68కి పడిపోతుంది. ముందు జంట ఉన్నదానికి 0.92కి పెరుగుతుంది. భయపడ్డ డ్రైవరు మొదట చేసే పని బ్రేకు తొక్కడమే కదా! అదే పని ఒక బండిని నిలబెడుతుంది, ఇంకొకదాన్ని పడేస్తుంది. సామాను సంగతీ ఇంతే. వెనక పెట్టె నింపితే రాబిన్ తీరు బండి కాస్త కుదురుకుంటుంది, మోర్గాన్ తీరు బండి హద్దు తగ్గుతుంది. అలాగని రెండోది లోపం లేనిదేమీ కాదు. వెనక ఒక్క టైరే నడపాలి, పట్టూ ఇవ్వాలి. తడి రోడ్డు మీద మలుపులో అది జారితే తోక తిరిగిపోతుంది. గుంతను చక్రాల మధ్యకు వదిలేసే వీలు రెండు రకాలకూ లేదు, మధ్య చక్రం దాంట్లో పడాల్సిందే.

రాబిన్‌కు ఇంత చెడ్డపేరు రావడంలో ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం పాత్ర ఉంది. అందులో బండి ప్రతి మలుపులోనూ దొర్లింది. అలా దొర్లేలా, వెనక రెండు చక్రాలకూ ఇంజను బలం పంచే డిఫరెన్షియల్‌ను ముందే మార్పించానని వ్యాఖ్యాత తర్వాత తనే రాశాడు. నవ్విన ప్రేక్షకుల్లో ఎందరు ఆ సంజాయిషీ చదివి ఉంటారు?

అసలు తప్పు చక్రాలు లెక్కపెట్టే నిబంధనలది. బ్రిటన్‌లో ఒకప్పుడు 8 హండ్రెడ్‌వెయిట్, అంటే సుమారు 406 కిలోలు దాటని మూడు చక్రాల బండిని మోటారు సైకిల్ లైసెన్సుతో నడపొచ్చు, పన్నూ తక్కువ. ఆ బరువు కోసమే రిలయంట్ ఫైబర్‌గ్లాస్ బాడీ, అల్యూమినియం ఇంజను పట్టుకుంది. బీఎండబ్ల్యూ వారి బుల్లి కారు ఇసెట్టా కథ ఇంకా విడ్డూరం. జర్మనీలో దానికి వెనక సుమారు అర మీటరు ఎడంతో రెండు చక్రాలుండేవి. బ్రిటన్‌లో పన్ను కోసం ఒకటి తీసేశారు. పైగా అక్కడ డ్రైవరూ ఇంజనూ ఒకే పక్క పడటంతో, ఎడమ వైపు బరువు దిమ్మ పెట్టాల్సి వచ్చింది. అమెరికా సమాఖ్య నిబంధనల్లో నేటికీ మూడు చక్రాల వాహనమంటే మోటారు సైకిలే, కార్లకు పెట్టే ఢీ పరీక్షలు దానికి వర్తించవు. పోనీ నాలుగో చక్రం తగిలిస్తే భద్రత వచ్చేస్తుందా అంటే, 2014లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ నాలుగు చక్రాల తేలిక బండ్లను ఢీకొట్టించి చూసినప్పుడు ఫలితాలు దారుణంగా వచ్చాయి.

కాబట్టి కొత్త నిబంధనలో అడగాల్సింది వాలు బల్ల పరీక్ష. బండిని బల్ల మీద అడ్డంగా నిలిపి, పై పక్క చక్రం లేచేదాకా వంచాలి. 0.6 హద్దున్న బండి 31 డిగ్రీలకే లేస్తుంది, 0.8 ఉన్నది దాదాపు 39 దాకా ఆగుతుంది. ఒకసారి డ్రైవరు ఒక్కడి బరువుతో, ఇంకోసారి మనుషులూ సామానూ నిండుగా పెట్టి, రెండు పక్కలకూ చేయాలి. డ్రైవరు ఒక పక్క కూర్చుంటాడు కాబట్టి రెండు పక్కల అంకెలూ ఒకటిగా రావు. అడ్డంగా నిలిపితే బ్రేకు ప్రభావం కనబడదు. అందుకని ముందు ఒంటి చక్రం ఉన్న బండిని, ముక్కు దిగువ వైపుకు 30 డిగ్రీలు తిప్పి పెట్టి మళ్లీ వంచాలి. వెనక ఒంటి చక్రమైతే ముక్కును ఎగువ వైపుకు కొద్దిగా తిప్పితే చాలు, వేగం పెంచుతూ మలుపు తిరిగినప్పటి సంగతి తెలుస్తుంది. వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా తక్కువది డ్రైవరు తలుపు లోపలి పక్కన, టైరు గాలి పట్టిక అంటించే చోటే, ఏ బరువుతో వచ్చిందో కూడా రాసి అంటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు