మంత్రిగారూ, ఆ కౌంటరు కిటికీ తెరిపించండి

గౌరవనీయులైన తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చిక్కడపల్లి వాసిని. త్యాగరాయ గానసభలో నాటకాలు చూస్తూ, బయటికొచ్చి వాటి గురించి వాదులాడుకుంటూ పెరిగినవాణ్ని. హైదరాబాద్‌లో కళోత్సవం జరుగుతోందంటే సంబరపడేవాళ్లలో ముందుంటాను.

మొన్న చలికాలంలో ఒక పెద్ద కళోత్సవంలో పద్యనాటకం ఉందని తెలిసి మా పెదనాన్నను తీసుకెళ్లాను. ఆయనకు 76 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లో అర్జునుడి వేషం కట్టినవారు. ఆట ఆరున్నరకైతే మేం ఐదింటికే చేరాం. టికెట్ కౌంటరు మూసి ఉంది. అద్దానికి ‘టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే’ అని కాగితం అంటించారు. అక్కడే నిలబడి ఫోనులో ప్రయత్నించాను. టికెట్టు 300 రూపాయలు. ఇద్దరికి 600 అనుకున్నది చివరి పేజీకి వచ్చేసరికి 670 రూపాయల 80 పైసలైంది. టికెట్టుకు 30 రూపాయల చొప్పున సౌకర్య రుసుమట, దాని మీద 18 శాతం పన్నట. నాటకం టికెట్టు 500 రూపాయల లోపుంటే జీఎస్టీ లేదు. టికెట్టు మీద వదిలేసిన పన్ను, టికెట్టు కొన్నందుకు మళ్లీ తగులుకుంది. పోనీ కడదామంటే ఓటీపీ రాలేదు. వచ్చేలోగా గడువు అయిపోయింది. మళ్లీ తెరిస్తే హౌస్‌ఫుల్.

పెదనాన్న చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన 500 నోటు తీసి అద్దానికి ఆనించి పట్టుకున్నారు. లోపల కుర్చీ ఉంది, బల్ల ఉంది, మనిషి లేడు. ఆయన ఎంతసేపు అలా నిలబడ్డారో చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

చివరికి ఒక కుర్రాడు జాలిపడి, వెనక గోడ దగ్గర నిలబడి చూడమని లోపలికి పంపాడు. అక్కడి నుంచి నాకు ముందుగా కనిపించింది రంగస్థలం కాదు, తెల్లగుడ్డలు కప్పిన ముందు వరుసలు. ‘ఆహ్వానితులకు’ అని రాసిన కాగితాలు ఫ్యాను గాలికి ఎగురుతున్నాయి. లెక్కపెట్టాను. 46 సీట్లు ఖాళీ. ఆట ముగిసేదాకా ఖాళీయే. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీసి ఆపగానే వెనక గోడ దగ్గర నుంచి మా పెదనాన్న ‘వన్స్‌మోర్’ అన్నారు. ఆ నటుడు ఖాళీ సోఫాల మీదుగా వెతికి వెతికి ఆయనను చూసి, చేతులు జోడించి, పద్యం మళ్లీ పాడాడు.

మంత్రిగారూ, మన నాటకం టికెట్టు మీద బతికింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వారు తరతరాలుగా ఊరూరా డేరాలు వేసి, వచ్చిన టికెట్టు డబ్బులతోనే తెరలూ కిరీటాలూ కొనుక్కున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు. నేల టికెట్టు కొన్నవాడు కూడా వాళ్లకు పోషకుడే. ఈరోజు ఆ నేల టికెట్టువాడికి గేటు దగ్గరే దారి మూసేశాం. స్మార్ట్‌ఫోను లేనివాళ్లు, ఉన్నా డబ్బు కట్టడం చేతకానివాళ్లు కళకు దూరమైనవాళ్లేం కాదు. పద్యం వింటే పెదవి కదిపేది ఎక్కువగా వాళ్లే.

ఇతరచోట్ల దారులున్నాయి. చెన్నైలో మార్గశిర మాసపు కచేరీలకు మ్యూజిక్ అకాడమీ ఏళ్ల తరబడి ఏ రోజు టికెట్లు ఆ రోజు కౌంటరులో అమ్మింది. రసికులు తెల్లవారకముందే వరుస కట్టేవారు. అక్కడి చాలా సంగీత సభల్లో మధ్యాహ్నపు కచేరీలకు టికెట్టే ఉండదు. స్కాట్లాండ్‌లో 1947 నుంచి జరుగుతున్న ఎడిన్‌బరో ఫ్రింజ్ కళోత్సవంలో వేల ప్రదర్శనలుంటాయి. అక్కడ మిగిలిపోయిన టికెట్లను ఆ రోజే సగం ధరకు అమ్మే కౌంటరు ఏళ్ల తరబడి నడిచింది.

ఆన్‌లైన్ వద్దని నేననను. మీ శాఖ నిధులిచ్చే ప్రతి ఉత్సవంలోనూ, మీ శాఖ చేతిలో ఉన్న ప్రతి ప్రేక్షాగారంలోనూ నాలుగో వంతు సీట్లు ఆట రోజున నగదుకు కౌంటరులోనే అమ్మాలని షరతు పెట్టండి. టాగోర్ శతజయంతికి 1961లో తెరిచిన రవీంద్రభారతి నుంచే మొదలుపెట్టవచ్చు. ఆహ్వానితులు మొదటి గంట మోగేలోగా రాకపోతే వాళ్ల సీట్లు బయట నిలబడ్డవాళ్లకు ఇచ్చేయాలి. ఈ మాటకు కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఖాళీ సోఫాల ముందు ఆడే నటుడి బాధ అంతకంటే పెద్దది. ఇక ధర విషయానికొస్తే, పోస్టరు మీద వేసిన అంకె, మా చేతినుంచి పోయే అంకె ఒకటే అయి ఉండాలి.

ఉగాదికి నగరంలో మళ్లీ నాటకాలుంటాయి. ఆలోగా ఉత్తర్వు ఇవ్వగలిగితే మా పెదనాన్నను ఐదింటికే తీసుకొచ్చి కౌంటరు ముందు నిలబెడతాను.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక నాటక ప్రేక్షకుడు