ఆ ఓటు ఊరికే రాలేదు

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికలు దగ్గర పడగానే చర్చల్లో, ఉపన్యాసాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. బ్రిటన్‌లో ఆడవాళ్లు ఓటు కోసం జైళ్లకు వెళ్లారని, మన దగ్గర మాత్రం ఏ గొడవా లేకుండా రాజ్యాంగమే అందరికీ ఒకేసారి ఇచ్చేసిందని. ఇది నిజం కాదు. మన ఆడవాళ్లు మూడు దశాబ్దాలకు పైగా చేసిన పోరాటం ఈ ఒక్క మాటతో కొట్టుకుపోతోంది.

1917 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు మహిళలు కొందరు బృందంగా వెళ్లి కలిశారు. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు ఆ బృందానికి నాయకురాలు. ప్రజలకు ఓటు ఇచ్చేటప్పుడు స్త్రీలను కూడా ప్రజల్లో లెక్కించండి అని అడిగారు. ఓటు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి తర్వాత వచ్చిన సౌత్‌బరో కమిటీ, ఇక్కడి సామాజిక పరిస్థితుల్లో అది తొందరపాటు అవుతుందని తోసిపుచ్చింది. వీళ్లు ఊరుకోలేదు. హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ 1919లో లండన్ దాకా వెళ్లి వాదించారు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయాన్ని రాష్ట్రాల శాసన మండళ్లకు వదిలేసింది.

1921లో మద్రాసు మండలి ఒప్పుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కానీ ఆస్తి ఉంటేనే ఓటు. ఎంతమంది ఆడవాళ్ల పేరు మీద ఆస్తి ఉండేది? 1935 చట్టం చదువు వచ్చిన స్త్రీలకు, ఆస్తిపరుల భార్యలకు కూడా ఓటు ఇచ్చింది. భర్తను బట్టి వచ్చే ఓటు మాకొద్దు, వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవ్వండి అని మహిళా సంఘాలు అంతకుముందు నుంచే పట్టుబడుతున్నాయి. రాజ్యాంగం 326వ అధికరణంలో ఉన్నది ఆ డిమాండే.

అక్కడితోనూ అయిపోలేదు. మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాదిలో, చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించారు. సొంత పేరు లేకుండా జాబితాలో ఉండటం కుదరదన్నారు ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. సుమారు 28 లక్షల మంది ఓటు పోయింది. ఆ నిర్ణయం కఠినమైనదే, అయినా సరైనదే అంటాను. భార్యగానో తల్లిగానో కాక ఒక మనిషిగా ఓటు కావాలనే కదా వాళ్లంతా పోరాడింది!

జాబితా విషయంలో నిర్లక్ష్యం ఇప్పటికీ పోలేదు. పెళ్లయి ఊరు మారిన అమ్మాయి పేరు పుట్టింటి జాబితాలో తీసేస్తారు, అత్తగారింటి దగ్గర చేర్చే సంగతి ఎవరికీ పట్టదు. పోలింగ్ రోజున ఆమె ఓటు ఎక్కడా ఉండదు. ఇంటింటికీ వచ్చే బూత్ స్థాయి అధికారులు ఇంటి యజమానిని మాత్రమే అడిగి వెళ్లిపోకుండా, కొత్తగా వచ్చిన కోడలితో నేరుగా మాట్లాడి, చిరునామా మార్పుకు పెట్టే ఫారం 8 నింపించాలి. ఎన్నికల సంఘం దీన్ని తప్పనిసరి చేయాలి.

విద్యాశాఖకు కూడా ఒక విన్నపం. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించడంతో సరిపెట్టకండి. 1917 నాటి ఆ బృందం గురించి, 1926లో మద్రాసు మండలికి పోటీ చేసి కొద్ది తేడాతో ఓడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గురించి పాఠాల్లో చేర్చండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు