ఫోటోషూట్ గర్భిణి ఓపికను బట్టి సాగాలి

సంపాదకులకు,

గర్భిణుల ఫోటోషూట్ల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఏ రంగు గౌను వేసుకోవాలి, ఏ థీమ్ బాగుంటుంది అన్న మాటలే ఎక్కువ. పని చెడేది మాత్రం వేరే చోట. తేదీ ఆలస్యంగా పెట్టుకుంటారు, గంటల తరబడి నిలబెడతారు, అందం కోసం వెల్లకిలా పడుకోబెడతారు. ఈ పనిలో ఉన్నవాళ్లుగా కొన్ని సంగతులు మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

కడుపులో ఒక్క బిడ్డే అయితే 28 నుంచి 34 వారాల మధ్య తీయించుకోవడం మంచిది. అంతకు ముందు కడుపు ఫోటోలో అంతగా తెలియదు. 36 దాటాక ఆయాసం, నడుం నొప్పి, నిద్రలేమి ముఖంలో కనిపిస్తాయి, కాన్పు ముందే వచ్చినా రావచ్చు. కవలలు నెలలు నిండకుండానే పుట్టే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్ల విషయంలో 24 నుంచి 28 వారాల్లోనే ముగించాలి. ఒక్క బిడ్డే ఉన్నవాళ్లు 30వ వారానికి పెట్టుకుంటే జలుబో వానో అడ్డొచ్చినా వాయిదా వేసుకునే వీలుంటుంది. మాయ కిందికి ఉందన్నా, బీపీ ఎక్కువగా ఉన్నా, రక్తస్రావం అయినా, ముందస్తు నొప్పుల భయం ఉన్నా డాక్టర్ సరే అన్నాకే తేదీ ఖాయం చేసుకోవాలి.

బయట తీసేవాళ్లు సాయంత్రపు బంగారు వెలుగు కావాలంటారు. కానీ గర్భిణికి కాళ్ల వాపు, అలసట పెరిగేది సరిగ్గా ఆ వేళకే. సూర్యోదయం తర్వాతి గంటలోనూ దాదాపు అలాంటి వెలుగే దొరుకుతుంది, ఎండ వేడి ఉండదు, మనిషి తేలిగ్గా ఉంటుంది. మా ఓటు పొద్దుటికే.

అన్నిటికన్నా ముఖ్యమైనది పడుకునే భంగిమ. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నుపూస పక్కనుంచి పోయే పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోవచ్చు. కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది. బిడ్డకు అందే రక్తం కూడా తగ్గుతుంది. పైనుంచి తీసే ఫోటో కావాలంటే వీపు వెనక దిండ్లు పేర్చి ఏటవాలుగా కూర్చోబెట్టి, కుడి తుంటి కింద మడతపెట్టిన తువ్వాలు పెడితే చాలు. కెమెరా కోణం సరిగ్గా ఉంటే పడుకున్నట్టే కనిపిస్తుంది. కళ్లు తిరుగుతున్నాయంటే గబుక్కున లేపకూడదు, ముందు ఎడమ పక్కకు తిప్పాలి.

నిలబడి తీసేటప్పుడు మోకాళ్లు బిగబట్టి కదలకుండా ఉంటే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. మోకాళ్లు కాస్త వదులుగా ఉంచాలి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి కూర్చోబెట్టాలి. ఈ నెలల్లో కీళ్లు వదులవుతాయి, శరీరపు బరువు ముందుకు జరుగుతుంది. కాబట్టి ఎత్తు మడమల చెప్పులు, స్టూళ్లు, నీటి ఒడ్డున రాళ్లు వద్దు. నేల మీద జీరాడే గౌను వేస్తే నడిచేటప్పుడు అంచు పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. గంట ముందు తేలికగా ఏదైనా తినాలి. మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయకుండా, బాత్రూం దగ్గరగా ఉన్న చోటు ఎంచుకోవాలి. గర్భధారణలో షుగర్ వచ్చినవాళ్లు తిండి, ఇన్సులిన్ వేళలు ఫోటోల కోసం మార్చకూడదు.

చాలామంది పట్టించుకోనిది ఎలాస్టిక్ గీతలు. కడుపు కనిపించేలా తీయించుకోవాలంటే రెండు మూడు గంటల ముందునుంచే నడుం దగ్గర బిగువు లేని బట్టలు వేసుకోవాలి, మేజోళ్లు కూడా తీసేయాలి. ఆ గీతల్ని తర్వాత కంప్యూటర్‌లో చెరపవచ్చు గానీ చర్మం ప్లాస్టిక్‌లా తయారవుతుంది. మాయిశ్చరైజర్ ముందు రాత్రి రాసుకోవాలి. అప్పటికప్పుడు నూనె రాస్తే లైటు పడి తెల్లటి మెరుపు మచ్చలు వస్తాయి. కొత్త క్రీములు, ఒంటిమీద వేసే రంగులు రెండు రోజుల ముందే ముంజేతి మీద కొద్దిగా రాసి చూసుకోవాలి. లేత రంగు బట్టల కింద తెల్ల లోదుస్తులు బయటికి తెలుస్తాయి, ఒంటిరంగువి వేసుకోవాలి.

ఇంట్లో ఫోన్‌తో తీసేవాళ్లు మరీ దగ్గరికి పోతారు. దగ్గరగా ఉన్నదల్లా ఉబ్బినట్టు వస్తుంది. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయాలి. కెమెరా అయితే 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్ బాగుంటుంది. కెమెరాకు కాస్త పక్కకు తిప్పి నిలబెట్టినప్పుడు కడుపు ముందుకు, కళ్లు వెనక్కి ఉంటాయి. లెన్స్ రంధ్రం బాగా తెరిచే ఎఫ్/1.8లో రెండూ స్పష్టంగా రావడం కష్టం, రంధ్రం తగ్గించి ఎఫ్/4 దగ్గర ఉంచి కంటిమీద ఫోకస్ చేయాలి. వెలుగు పక్క కిటికీ నుంచి పడాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే నీడ పోయి కడుపు గుండ్రదనం కనబడదు. ఫ్లాష్ వల్ల బిడ్డకు హాని అన్న భయం మాత్రం అక్కర్లేదు. గదిలో దీపాలు ఆర్పేయాలి, లేకపోతే పగటి వెలుగులో పసుపు కలిసి ఒంటిరంగు పాడవుతుంది. బరువు వెనక కాలి మీద ఉంచి, ముందు మోకాలు వంచి, ఒక చెయ్యి కడుపు పైన, ఒకటి కింద పెడితే ఆకారం చక్కగా తెలుస్తుంది. భర్త కూడా రెండు చేతులూ వేస్తే నాలుగు చేతుల మధ్య కడుపే కనిపించదు.

రంగు పొగ డబ్బాలు అసలు వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాలు కలిపిన నీళ్ల తొట్టిలో తీసే పాల స్నానం ఫోటోలు కావాలంటే నీళ్లు గోరువెచ్చగా, 37 డిగ్రీలు దాటకుండా ఉండాలి. తొట్టిలో జారకుండా మ్యాట్ వేయాలి, దిగేటప్పుడూ లేచేటప్పుడూ చెయ్యి అందించాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, నొప్పులు విడవకుండా వస్తున్నా, చూపు మసకబారి తల పగిలేలా నొప్పి పుట్టినా, బిడ్డ కదలికలు తగ్గాయనిపించినా కెమెరా పక్కన పెట్టి నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

ఒప్పందం కాగితం మీద రాసుకోవాలి. దిద్దిన ఫోటోలు ఎన్ని ఇస్తారు, ఎన్నాళ్లకు ఇస్తారు, ఆ రోజు ఒంట్లో బాగోలేకపోతే వాయిదా ఎలా, కాన్పు ముందే వస్తే అడ్వాన్సు సంగతేమిటి అన్నవి అందులో ఉండాలి. ఆ ఫోటోలు స్టూడియో ప్రచారానికి వాడుకోవచ్చా లేదా అన్నది ఆమెనే అడిగి విడిగా రాయించుకోవాలి. భర్తో అత్తగారో సరేనంటే సరిపోదు.

ఇట్లు,
గర్భిణుల ఫోటోలు తీసే వృత్తిలో ఉన్న పాఠకులు