బస్టాండు మరుగుదొడ్ల తాళం తీయించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మా చిన్న పట్టణ నివాసులు, కోనేటి వీధి వర్తకులు నమస్కరించి రాసుకుంటున్న మనవి.

సుందరీకరణ రెండో విడత జాబితాలో మళ్లీ స్వాగత తోరణం, రంగు లైట్లు, సెల్ఫీల కోసం నిలబెట్టే పెద్ద అక్షరాలే ఉన్నాయి. నాలుగు అర్జీల్లో మేం అడిగినవి ఒక్కటీ లేవు. బస్టాండు పక్కన మరుగుదొడ్లు కట్టించారు, సంతోషం. వాటికి ఇంకా తాళమే వేలాడుతోంది.

తాళం ఎందుకు పడిందో మీ దాకా ఎవరూ తెచ్చినట్టు లేదు. పైన పెట్టింది 500 లీటర్ల ట్యాంకు. మనిషికి పది లీటర్లు వేసుకున్నా యాభై మందికే అయిపోతుంది. కార్తీక సోమవారం పొద్దున గంటలోపే అంతకు మించి జనం బస్సులు దిగుతారు. బోరు మోటారుకు విడిగా మీటరు లేదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో ఏ కాగితంలోనూ రాయలేదు. చివరికి ఫ్యూజు పీకేశారు. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలి కదా, దాని మూతల మీద టైల్స్ పరిచేశారు. తోడే బండి వచ్చినా గొట్టం దించే సందు లేదు. పైగా మాది నల్లరేగడి నేల, వానాకాలంలో ఇంకుడు గుంత నీరు పీల్చదు, మురుగు వెనక్కి తంతుంది. ఆడవాళ్ల గదులకు లోపల గడియ లేదు, చెత్తబుట్ట లేదు. ప్యాడ్లు ఎక్కడ వేయాలో తెలియక మరుగుదొడ్డిలోనే వేస్తే, ముందుగా పూడుకుపోయింది ఆ గదులే.

దీనివల్ల ఊరికి జరుగుతున్న నష్టం చూడండి. ఆడవాళ్లు దారిలో మంచినీళ్లు కూడా తాగకుండా వస్తారు. దర్శనం కాగానే తిరుగు బస్సు ఎక్కేస్తారు. కోనేరు చూడరు, టిఫిను తినరు, మగ్గాల వీధి వైపు రానే రారు. మాలాగే మగ్గాలున్న భూదాన్ పోచంపల్లికి 2021లో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ గుర్తింపు వచ్చిందని అందరం సంబరపడ్డాం. మగ్గం ముందు కాసేపు నిలబడితేనే చీర విలువ తెలుస్తుంది. అర పూట నిలిచే వీలే లేని ఊళ్లో ఆ బేరం ఎలా సాగుతుందండీ?

గుడి దారిలో కానుగ చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోశారు. వేరుకు నీరూ గాలీ అందక కొమ్మలు ఎండుతున్నాయి. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ విషయంలో చెప్పింది. ఇక్కడ గడ్డపారతో ఒక్క రోజు పని. ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు దాటకూడదని రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం. మాది అడుగు ఎత్తుంది, ముసలివాళ్లు ఎక్కలేక లారీల పక్కన నడుస్తున్నారు.

దయచేసి తోరణం టెండరు తెరవకముందే ఇవి చేర్పించండి: 5,000 లీటర్ల ట్యాంకు, విడి మీటరు, తెరుచుకునే రెండు మూతలు, గడియలు, బుట్టలు, రెండు షిఫ్టులకు జీతమిచ్చే మనుషులు. కట్టిన కాంట్రాక్టరే మూడేళ్లు నడపాలని అదే ఒప్పందంలో రాయించండి. నిర్వహణ రాయని కట్టడం మాకొద్దు. మీ పర్యటన రోజున తెరిచి మర్నాడు మూసేస్తే మాకు ఒరిగేదేమీ లేదు. ఏ పండగా లేని మంగళవారం మధ్యాహ్నం కూడా అవి తెరిచి ఉండాలి, కుళాయి తిప్పితే నీళ్లు రావాలి. ఐదో అర్జీ రాసే అవసరం మాకు రానివ్వకండి.

ఇట్లు,
కోనేటి వీధి నివాసులు, వర్తకులు