ఆరో తరగతి సంచిలో ఒక నవల పెట్టండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి లేఖ రాసి ఉంటే మెమో చేతికి వచ్చేది. ఇప్పుడు ఆ భయం లేదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

బడులు తెరిచే వేళకు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు మీ శాఖ ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ పేరుతో కిట్ ఇస్తోంది. సంచి, బూట్లు, బెల్టు, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, నిఘంటువు అన్నీ అందులో ఉంటాయి. కొత్త బూట్లు వేసుకుని వరండాలో చప్పుడు చేసుకుంటూ నడిచే పిల్లలను చూసినవారెవరూ ఆ పథకాన్ని తప్పుపట్టలేరు. అయితే ఆ సంచిలో పరీక్షతో పనిలేకుండా, కేవలం తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని తెరిచే పుస్తకం ఒక్కటీ లేదు. ఆరో తరగతి కిట్‌లో ఒక కొత్త తెలుగు పిల్లల నవల చేర్చండి. నా విన్నపం ఇంతే. మిగిలిన లేఖంతా ఎందుకు, ఏ పుస్తకం, ఎలా అన్న ప్రశ్నలకు జవాబు.

ఆరో తరగతే ఎందుకంటే, మన పిల్లలు చదవడం మానేసేది అక్కడే. చిన్న తరగతులకు పరవాలేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థల బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. 2015లో ఇంటర్నెట్లో మొదలైన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే దొరుకుతున్నాయి. పదేళ్లు నిండిన పిల్లవాడికి ఆ పదహారు పేజీలు చాలవు. అలాగని పెద్దల నవల చేతికిస్తే మొదటి అధ్యాయం దాటడు. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వయసు వారి కోసం ఇంగ్లిష్ పుస్తకాల దుకాణాల్లో ‘మిడిల్ గ్రేడ్’ అని విడిగా ఒక అరే ఉంటుంది. తెలుగు దుకాణంలో ‘బాలసాహిత్యం’ అని ఒక్కటే అర. అందులో మూడేళ్ల పాపకు అంకెలు నేర్పే అట్టపుస్తకం, పదమూడేళ్ల కుర్రాడికి ఇవ్వదగ్గ పుస్తకం పక్కపక్కనే ఉంటాయి. వాటి పక్కన పరమానందయ్య శిష్యులు, తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న. వారిమీద నాకేం కోపం లేదు, కానీ వారితోనే ఎన్నాళ్లు?

తెలుగు పిల్లలకు పొడుగు కథ అలవాటు లేదనడం కూడా నిజం కాదు. 1947లో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి సీరియళ్లు అచ్చమైన పిల్లల నవలలే. నెలకు కొన్ని పేజీల చొప్పున, ఏడాదికి పైగా ఒకే కథను పట్టుకుని వేలాడిన పిల్లలు మన ఊళ్లలోనే ఉండేవారు. తర్వాతి సంచికలో ఏం జరుగుతుందోనని పందేలు కాసేవారు. పత్రిక ఆగిపోయాక ఆ పొడుగు కథ చదివే అలవాటుకు చోటు లేకుండా పోయింది. దానికి బదులు మనం ఇచ్చినవి ఒకటిన్నర పేజీ కథలు, చివర నల్లటి అక్షరాల్లో ‘నీతి’.

ఆ నీతి గురించి రెండు మాటలు చెప్పనివ్వండి. కొత్తగా వచ్చే బాలసాహిత్యం దొరికినంత మేర కొని చదువుతాను. చాలా పుస్తకాల్లో పిల్లలు ముసలివాళ్లలా మాట్లాడతారు. తప్పు చేసిన పిల్లవాడు ఆఖరి పేరాలో పశ్చాత్తాపపడి, తల్లిదండ్రులకు నమస్కరించి, మొక్క నాటుతాడు. పదకొండేళ్ల పిల్లలకు ఈ ఎత్తు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మర్యాదకు చదివి, తిరిగి ఇచ్చేస్తారు. ‘బాగుంది టీచర్’ అంటారు. ఆ మాట అన్న తీరులోనే తెలుస్తుంది, రెండోసారి అడగరని.

ఇక మంచి మాట. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో 2023లో డి.కె. చదువులబాబు గారి ‘వజ్రాల వాన’ కథలకు, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయాలోకం’కు, 2025లో గంగిశెట్టి శివకుమార్ గారి ‘కబుర్ల దేవత’ కథలకు వచ్చింది. వీటిలో ‘మాయాలోకం’ నవల. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థ కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టి, గెలిచినవాటిని అచ్చువేశాయి కూడా. అంటే రాసేవాళ్లు ఉన్నారు. కొనేవాళ్లే లేరు. చాలామంది రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో పంచి, మిగిలినవి మంచం కింద పెట్టుకుంటున్నారు. పురస్కారం వచ్చిన పుస్తకమైనా మండల కేంద్రంలో కొందామంటే దొరకదు. ఒక్క ఆరో తరగతి కిట్‌కు మీరు ఆర్డరు ఇస్తే, తెలుగులో పిల్లల నవల రాయడమన్నది ఒక పని అవుతుంది. బొమ్మలు గీసేవారికి పారితోషికం ముడుతుంది, ఎడిటర్ అనే మనిషి ఉంటాడు.

పక్కవాళ్లు ఏం రాస్తున్నారో కూడా చూడాలి. తమిళంలో ఎస్. బాలభారతి రాసిన ఒక నవలకు 2020లో ఇదే పురస్కారం వచ్చింది. మన తిరుపతి దుకాణాల్లో దొరికే మరపాచి చెక్కబొమ్మ అందులో ఒక చిన్న అమ్మాయికి స్నేహితురాలు. మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ గురించి ఆ బొమ్మ మాట్లాడుతుంది. మనం పోస్టరు అంటించి చేతులు దులుపుకునే విషయాన్ని అక్కడ ఒక కథ నెత్తికెత్తుకుంది. బొమ్మ మనది, పుస్తకం వాళ్లది. బిజల్ వచ్ఛరజానీ 2019లో ఇంగ్లిష్‌లో రాసిన ‘ఎ క్లౌడ్ కాల్డ్ భూరా’లో ముంబయి మీద ఒక గోధుమరంగు మేఘం వచ్చి కూర్చుంటుంది, పెద్దలు టీవీల్లో వాదించుకుంటుంటే నలుగురు పిల్లలు దాని సంగతి తేల్చే పనిలో పడతారు. విశాఖలో బాల్కనీ గోడ మీద నల్లటి పొడిని వేలితో తుడిచి చూసుకునే పిల్లలకు ఆ మేఘాన్ని వివరించి చెప్పక్కర్లేదు. వీరా హీరానందానీ ‘ది నైట్ డైరీ’లో 1947 దేశవిభజన నాటి పన్నెండేళ్ల నిషా, చనిపోయిన తల్లికి రోజూ డైరీలో ఉత్తరాలు రాస్తుంది. తండ్రి హిందువు, తల్లి ముస్లిం. ఇప్పుడు తను ఏ వైపు మనిషో ఆ పిల్లకు అర్థం కాదు. సాంఘికశాస్త్రం పుస్తకంలో విభజన కొన్ని పేరాల్లో ముగుస్తుంది. ఇక్కడ నీళ్లు లేక నడవాల్సి వచ్చినప్పుడు పిల్లల నాలుక ఎలా ఎండిపోతుందో తెలుస్తుంది.

వీటన్నిటిలో నేను తరగతిలో పెట్టి చూసింది మాత్రం పద్మా వెంకట్రామన్ రాసిన ‘ది బ్రిడ్జ్ హోమ్’. 2019లో వచ్చింది. తండ్రి దెబ్బలు భరించలేక విజి, రుక్కు అనే ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇల్లు విడిచి చెన్నై చేరుకుంటారు. పాడుబడిన ఒక వంతెన మీద ముత్తు, అరుళ్ అనే ఇద్దరు అబ్బాయిలతో కలిసి ఉంటారు. చెత్తకుప్పల్లో ఏరిన సీసాలు, ఇనుము అమ్ముకుని తింటారు. పెద్ద చెత్తగుట్టకు వాళ్లు హిమాలయమని పేరు పెట్టుకుంటారు. రుక్కుకు అందరిలా మాటలు, లెక్కలు రావు, కానీ పూసలు గుచ్చి దండలు చేయడంలో ఆమెను మించినవారు లేరు. వాళ్లతో పాటు కుట్టి అనే కుక్కపిల్ల.

మా ఊరి ఉన్నత పాఠశాలలో శనివారాలు ఏడో తరగతికి దీన్ని చెప్పాను. పుస్తకం ఇంగ్లిష్‌లో చూస్తూ, నోటితో తెలుగులో చెబుతూ, వారానికి రెండు మూడు అధ్యాయాలు. మొదటి వారం వెనక బెంచీ అబ్బాయిలు కిటికీలోంచి వాలీబాల్ చూశారు. కుక్కపిల్ల వచ్చాక చూపు ఇటు తిరిగింది. చెత్త ఏరే అధ్యాయంలో ఒక అబ్బాయి లేచి, ప్లాస్టిక్ కంటే రాగి తీగకు ఎక్కువ ఇస్తారని, వాళ్లకు ఆ సంగతి తెలియదా అని అడిగాడు. వాడికి ఆ ధర ఎలా తెలుసో తరగతిలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇంకొక రోజు ఒక అమ్మాయి, ‘విజి మన బడిలో చేరితే ఏ తరగతిలో కూర్చోబెడతారు టీచర్, ఆధార్ కార్డు లేదుగా?’ అంది. దాని మీద అరగంట వాదన. ఏ పాఠం మీదా ఆ తరగతి అంతసేపు వాదించగా నేను చూడలేదు. ముగింపు ఇక్కడ చెప్పను. ఆ శనివారం బెల్లు కొట్టాక కూడా ఎవరూ లేవలేదు, ఒక అమ్మాయి మాత్రం కోపంతో నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయింది. మరుసటి వారం వచ్చి, ఆ పుస్తకం తెలుగులో ఉంటే ఇమ్మని అడిగింది. నా దగ్గర లేదు.

మంత్రి గారూ, ఇలాంటివాటిని తెలుగు చేయించడం పెద్ద ఖర్చు కాదు. ఏడాదికి నాలుగు మంచి నవలలు, రెండు పక్క భాషల నుంచి, రెండు ఇంగ్లిష్ నుంచి, హక్కులు కొని, చేయి తిరిగిన అనువాదకులకు ఇవ్వండి. పిల్లలకు గట్టిగా చదివి వినిపించాక, వాళ్లకు నోరు తిరగని వాక్యాలు మార్చాకే అచ్చువేయండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా పిల్లలకు అన్ని స్థాయిల్లో ఆనందాన్నిచ్చే పుస్తకాలు, మంచి అనువాదాలతో సహా, బడుల్లోనూ ఊరి గ్రంథాలయాల్లోనూ విరివిగా ఉండాలనే చెప్పింది.

‘గ్రంథాలయాలు ఉన్నాయి కదా, కిట్‌లో ఎందుకు?’ అని మీ అధికారులు అడుగుతారు. చట్టం ప్రకారం ఉన్నాయి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని చెబుతుంది. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధి ఉంది. మనం కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కూడా 1960 నాటి చట్టం కింద వసూలవుతోంది. అయినా నేను పనిచేసిన ఒక బడిలో గ్రంథాలయమంటే ప్రధానోపాధ్యాయుల గదిలోని ఇనుప బీరువా. తాళంచెవి గుమాస్తా దగ్గర. లోపల ఒకే నాయకుడి జీవితచరిత్ర ప్రతులు పాతిక, పోటీపరీక్షల జనరల్ నాలెడ్జ్, పిల్లలు చదవలేనంత సన్నటి అచ్చులో వేమన పద్యాలు. పుస్తకం చిరిగితే జీతంలో కోస్తారన్న భయంతో దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఆడిట్‌లో అన్ని పుస్తకాలూ భద్రం అని తేలింది. చిరిగిన పుస్తకాన్ని వాడిన పుస్తకంగా లెక్కించి రద్దు చేసుకోవచ్చని ఒక్క ఉత్తర్వు ఇస్తే బీరువాలు సగం తెరుచుకుంటాయి. అంతవరకు, పిల్లల చేతికి నేరుగా వెళ్లే దారి కిట్ ఒక్కటే. అది వాళ్ల సొంతం. పేరు రాసుకోవచ్చు, చెల్లికి ఇవ్వొచ్చు.

కిట్‌లో పెట్టడమంటూ జరిగితే కొన్ని జాగ్రత్తలు అవసరం. దయచేసి దాన్ని పాఠ్యపుస్తకాల్లాగా ఎడమ పేజీ ఇంగ్లిష్, కుడి పేజీ తెలుగు అని ద్విభాషలో వేయకండి. పాఠాలకు ఆ పద్ధతి ఉపయోగమేమో, కథకు ఊపిరాడదు. ముందుమాటల కింద ఎవరి ఫోటోలూ వద్దు, మీది కూడా. అధ్యాయం చివర ప్రశ్నలు వద్దు. పదో తరగతి ఉపవాచకంగా పెట్టిన రామాయణం ఏమైందో చూడండి. అంతటి కథ ‘పాత్ర స్వభావాలు రాయండి’ అన్న ప్రశ్నకు జవాబుగా గైడులో మిగిలింది. సంచి లేకుండా బడికి రమ్మన్న మీ శనివారాల్లో ఒక పీరియడు ఈ నవలకు ఇస్తే చాలు. టీచరు చదువుతారు, పిల్లలు వింటారు, ఎవరూ మార్కులు వేయరు.

ఎంపిక మరో ముఖ్య విషయం. అతి తక్కువ ధర కోట్ చేసినవారికే పుస్తకం అనే టెండరు పద్ధతిలో మంచి నవల రాదు. ముందు పుస్తకాన్ని ఎంచుకుని, తర్వాత అచ్చుకు మాత్రమే టెండరు పిలవండి. ఎంపికకు రచయితలు, గ్రంథాలయాధికారులు, తెలుగు టీచర్లతో పాటు ఆరేడు తరగతుల పిల్లలను కూర్చోబెట్టండి. అన్ని ప్రాంతాల నుంచీ, గిరిజన ఆశ్రమ పాఠశాలల నుంచీ. తుది జాబితాలోని పుస్తకాలు ముందు వాళ్లే చదవాలి. వాళ్లు మధ్యలో వదిలేసిన పుస్తకం ఎంత పెద్ద పేరున్నవారు రాసినా పక్కన పెట్టేయాలి.

ఇది ఎవరూ చేయని పనేం కాదు. కేరళ 1981లోనే పిల్లల సాహిత్యానికి ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థను పెట్టుకుంది. తమిళనాడు పాఠశాల విద్యాశాఖ 2023లో పుస్తక పఠన ఉద్యమం మొదలుపెట్టి, పిల్లల చదివే శక్తిని బట్టి నాలుగు మెట్లుగా చిన్నచిన్న పుస్తకాలు తయారు చేయించి బడులకు పంపింది. మన రాష్ట్రంలో కూడా 2020లో ‘చదవడం మాకిష్టం’ అని కార్యక్రమం నడిచింది. పేరు బాగుంది, నినాదాలు రాయించారు, ప్రతిజ్ఞలు చేయించారు. చదవడానికి ఇష్టమైన పుస్తకం ఏదీ అని పిల్లలు అడిగితే ఇవ్వడానికి మా దగ్గర ఆ బీరువాలో ఉన్నవే ఉన్నాయి.

కిట్ సామగ్రికి టెండర్లు ఎప్పుడో ముందే పిలవాల్సి ఉంటుంది. నవల ఎంపికకు ఆరు నెలలు, బొమ్మలకు, అచ్చుకు మరో నాలుగు నెలలు వేసుకున్నా, వచ్చే విద్యాసంవత్సరానికి అందాలంటే కమిటీ ఈ ఆగస్టులోపే కూర్చోవాలి. మొదటి ఏడాది అన్ని జిల్లాలకూ కుదరకపోతే, రెండు జిల్లాల్లో మొదలుపెట్టండి. శనివారం చదివి వినిపించడానికి మనుషులు కావాలంటే, నాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి మండలంలోనూ దొరుకుతారు. భత్యం అడగం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు