ఆదివారం పాత టాకీసులో కలుద్దాం
అందరికీ నమస్కారం. ఏడు రోడ్ల దగ్గరి పాత టాకీసును ఈ ఆదివారం పొద్దున ఆటకు మనకే ఇస్తామని ఓనరుగారు ఒప్పుకున్నారు. అద్దె లేదు, కరెంటు ఖర్చు మాత్రం తలా కొంచెం వేసుకుందాం.

సినిమా 'మల్లీశ్వరి' (1951). తీసిన బి.ఎన్.రెడ్డి మన కడప జిల్లావారే. ఆయనకూ, తమ్ముడు నాగిరెడ్డికీ ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది. ఈ సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు, అదే నా బాధ.

బొమ్మ డిజిటల్‌లోనే పడుతుంది. కానీ పైన ఆపరేటర్ గదిలో పాత ప్రొజెక్టర్లు రెండూ ఇంకా ఉన్నాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన వెయ్యడుగుల రీలు 11 నిమిషాలకే అయిపోతుంది. తెర కుడివైపు పై మూలలో చిన్న చుక్క మెరవగానే రెండో మిషన్ ఆన్ చేయాలి. ఇంకో చుక్క పడగానే బొమ్మను దానికి మార్చాలి. ఆట అయ్యాక ఆపరేటర్ పెద్దాయన అన్నీ చూపిస్తారు, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.

తొమ్మిదిన్నరకు మొదలు. పోయినసారిలా పదింటికి వచ్చి "టైటిల్స్ పడ్డాయా అన్నా" అని అడగొద్దు! బాల్కనీలో ఎడమవైపు ఫ్యాన్లు తిరగవు, కింద కూర్చోండి. ఇంటర్వెల్‌లో ఉగ్గాని, బజ్జీ ఉంటాయి. ఎంతమంది వస్తున్నారో శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి.